పిల్లల బొమ్మ మీద పంతులు చెయ్యి

ప్రాథమిక బడిలో బొమ్మలు నేర్పడం గురించి ఎంత దూరం వాదించినా తగవు చివరికి ఒక్క చోటే ఆగుతుంది: పిల్లల కాగితం మీద పంతులు చెయ్యి పడవచ్చా, పడకూడదా? తరగతులు ఒకటి నుంచి ఐదు, వయసు సుమారు ఆరు నుంచి పదకొండు. పద్ధతిగా నేర్పాలనే మనిషి ఇక్కడ శిక్షణవాది. కాగితం, రంగులు ఇచ్చి దారి విడవాలనే మనిషి స్వేచ్ఛావాది.

స్వేచ్ఛావాది: బొమ్మలు వెయ్యడం పిల్లల చేత ఎవరూ మొదలుపెట్టించరు. రెండేళ్ల బిడ్డకు బలపం ముక్క దొరికితే చాలు, పలక, గచ్చు, గోడ అని చూడకుండా గీతలు పడతాయి. పెద్దలు వాటిని పిచ్చిగీతలంటారు. అమెరికాలో పసిపిల్లల బడి నడిపిన రోడా కెలాగ్ లక్షల కొద్దీ పిల్లల బొమ్మలు పోగుచేసి, ఆ పిచ్చిగీతల్లోనే 20 రకాలు ఉన్నాయని విడదీసి చూపింది. గీతల తర్వాత సున్నా, సున్నాలో అడ్డగీత నిలువుగీత, సున్నా చుట్టూ కిరణాలు, ఆ తర్వాత తలకే కాళ్లు మొలిచిన మనిషి. దేశం మారినా ఈ వరుస పెద్దగా మారదని 1969లో వచ్చిన ఆమె పుస్తకం వాదిస్తుంది. అంతకు ముందే, 1947లో, విక్టర్ లోవెన్‌ఫెల్డ్ పిల్లల బొమ్మల ఎదుగుదలను వయసుల వారీ దశలుగా రాసిపెట్టాడు. ఎవరూ నేర్పకుండానే ఇంత వరసగా వచ్చేదానికి మధ్యలో అడ్డం పడి పాఠం చెప్పడం దేనికి? పసివాళ్లకు నడక ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. వాచకం ముందు పెట్టుకుని ఏ తల్లీ బిడ్డకు మాటలు నేర్పలేదు.

శిక్షణవాది: వాచకం పట్టకపోవచ్చు గానీ, నోరు కట్టుకునీ కూర్చోలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి బిడ్డ చుట్టూ మాటలే. బిడ్డ తప్పు పలికితే తల్లి సరిగ్గా పలికి వినిపిస్తుంది. అదే ఇంట్లో బొమ్మ వేసే మనిషి ఎందరు? చాలా ఇళ్లలో ఒక్కరూ ఉండరు. ఇంకో సంగతి. మాట దానంతటది వస్తుంది, రాత రాదు. గుణింతాలూ ఒత్తులూ కూర్చోబెట్టి దిద్దించవలసిందే. బొమ్మ మాటలాంటిదా, రాతలాంటిదా అన్నదే అసలు ప్రశ్న. ఐదారేళ్ల వరకు మాటలాంటిదే, ఒప్పుకోవచ్చు. ఆ తర్వాత అది రాత వైపు జరుగుతుంది. లోవెన్‌ఫెల్డ్ దశల్లోనే తొమ్మిది నుంచి పదకొండేళ్ల దశ ఒకటి ఉంది. వేసింది చూసినదానిలా ఉండాలన్న కోరిక అప్పుడు పుడుతుంది. కోరిక పుట్టింది, చేతికి దారి తెలియదు. ఒకటో తరగతిలో కాగితం ఇమ్మని వెంటపడ్డ పిల్లే ఐదో తరగతికి వచ్చేసరికి ‘నాకు బొమ్మలు రావు’ అని కాగితం తిప్పేస్తుంది. యాభై ఏళ్ల చదువుకున్న మనిషిని ఆవును వెయ్యమంటే పదేళ్ల పిల్లవాడి ఆవే వస్తుంది, ఎందుకంటే చెయ్యి ఆ వయసులోనే ఆగిపోయింది. ఆపింది శిక్షణ కాదు, శిక్షణ లేకపోవడం.

స్వేచ్ఛావాది: ‘రావు’ అన్న మాట ఆ పిల్ల నోటికి ఎక్కడి నుంచి వచ్చింది? పక్కవాడి బొమ్మకు టీచరు ‘వెరీ గుడ్’ పెట్టి తనదానికి ఊరికే టిక్కు పెట్టిన రోజు నుంచి. ఆ సంగతి అలా ఉంచి, తెలుగు బడుల్లో ఏ తరగతిలోనైనా ‘మీకిష్టమైన బొమ్మ వెయ్యండి’ అంటే వచ్చేదేమిటో చూడండి. రెండు ముక్కోణపు కొండలు, వాటి సందులో సగం సూర్యుడు, కొండల్లోంచి పాములా దిగే ఏరు, ఏటి పక్కన ఇల్లు, ఇంటి పక్కన వంగిన కొబ్బరిచెట్టు, ఆకాశంలో టిక్కు గుర్తుల్లాంటి నాలుగు పక్షులు. దానికి పేరు కూడా ఉంది, ‘సీనరీ’. కోనసీమ పిల్లలు కూడా ఇదే వేస్తారు. చుట్టూ కనుచూపు మేర చదును నేల, కొబ్బరితోటలు, కాలవలు, లంకలు. కొండ మాత్రం లేదు. కళ్ల ముందున్న పడవ, రేవు, చేపల తట్ట బొమ్మలోకి రావు. ఎన్నడూ చూడని కొండ వస్తుంది. ఇది నమూనా చేసిన పని. లోవెన్‌ఫెల్డ్ పుస్తకంలో ఒక పిల్ల వేసిన బొమ్మల వరుస ఉంది. మొదట తన పక్షులు తను వేసుకుంది, ఒకదానికొకటి పోలిక లేకుండా. తర్వాత అభ్యాస పుస్తకంలో అచ్చు వేసిన పక్షులకు రంగులు వేసింది. ఆ తర్వాత వెయ్యమంటే అచ్చులోని పక్షే వేసింది. ఒక్క నమూనా ఆమె పక్షులన్నిటినీ ఎగరగొట్టేసింది.

శిక్షణవాది: సీనరీని శిక్షణ ఖాతాలో రాయడం అన్యాయం. దాన్ని పాఠంగా పెట్టిన డ్రాయింగ్ మాస్టారు అరుదు. అది అక్క నుంచి చెల్లికి, బెంచీ నుంచి బెంచీకి, క్యాలెండరు నుంచి కాపీ పుస్తకానికి పాకుతుంది. పెద్దవాళ్లు తప్పుకున్న చోట పెరిగే మొక్క అది. బ్రెంట్ విల్సన్, మార్జరీ విల్సన్ దంపతులు 1970ల్లో తేల్చింది ఇదే: పిల్లల బొమ్మలు లోపలి నుంచి ఊరే ఊట కాదు, చాలా భాగం ఇతర బొమ్మల నుంచి, కామిక్కుల నుంచి తెచ్చుకున్నవి. ఒక తరం తెలుగు పిల్లలకు చందమామ ఆ పని చేసింది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ వేసిన విక్రమార్కుడూ బేతాళుడూ ఎన్ని నోటు పుస్తకాల వెనక అట్టల మీదికి ఎక్కారో లెక్క లేదు. ఇప్పుడు ఫోనులో కార్టూన్లున్నాయి. పిల్లల ముందు నమూనా లేకుండా ఉంచడం ఎవరి వల్లా కాదు. మిగిలింది ఒక్కటే ప్రశ్న: ఆ నమూనా మంచిదా, చవకదా? టీచరు తప్పుకుంటే చవకది గెలుస్తుంది. స్వేచ్ఛకు ఆదిగురువు అనిపించుకున్న ఫ్రాంజ్ చిజెక్ సంగతీ అంతే. 1897లో వియన్నాలో పిల్లల బొమ్మల తరగతి పెట్టి, తను ఏమీ నేర్పనన్నాడు. ఆ తరగతి బొమ్మలు 1920ల్లో ఇంగ్లండులో ప్రదర్శనకు పెడితే జనం మురిసిపోయారు. తీరికగా చూసినవాళ్లకు అవన్నీ ఒకే కుటుంబపు బిడ్డల్లా కనిపించాయి. ఏమీ నేర్పని గురువు గారి అభిరుచి అందరి చేతుల్లోకీ దిగింది.

స్వేచ్ఛావాది: చిజెక్ విషయంలో ఆ మాట కాదనలేం. మెచ్చుకోలు కూడా ఒక పాఠమే. కళ్లెగరేస్తే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది. కానీ చందమామను చూసి వేసిన పిల్లవాడిని సీనరీ వేసిన పిల్లవాడితో కలపకూడదు. బేతాళుణ్ని వేసినవాడు బేతాళుణ్ని మరిచిపోలేక వేశాడు. వెయ్యమని ఎవరూ అనలేదు, మార్కులు లేవు. లెక్కల పిరియడులో తిట్లు తింటూ వేశాడు. తనే వెతుక్కుని తెచ్చుకున్న నమూనా ఆకలి లాంటిది. బల్ల మీద టీచరు వేసి ‘ఇలాగే వెయ్యండి’ అన్న మామిడికాయ అలాంటిది కాదు. నలభై మంది నలభై మామిడికాయలు వేస్తారు, ఒక్కదానికీ రుచి ఉండదు.

శిక్షణవాది: ‘ఇలాగే వెయ్యి’ అన్న మాట అంత చెడ్డదైతే మన వాకిట్లో ముగ్గు ఏమైపోవాలి? ఆరేడేళ్ల పిల్లకు అమ్మమ్మ ముందు చుక్కలు పెట్టి ఇస్తుంది, పిల్ల కలుపుతుంది. కొన్నాళ్లకు చుక్కలు తనే పెట్టుకుంటుంది. సంక్రాంతి పత్రికలో ‘15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందు చుక్క’ అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యంలో ఎంత క్రమశిక్షణ ఉందో చూడాలి. మధ్య వరుసలో 15, దానికి పైనా కిందా సందుల్లో 14 చొప్పున, ఆపైన 13, అలా 8 దాకా. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. ఒక్కటి పక్కకు జరిగితే ముగ్గు కలవదు. మెలికల ముగ్గయితే గీత చుక్కకు తగలకుండా చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే రావాలి. పిండి వేళ్ల సందులోంచి సన్నగా జారాలి. ఇదంతా చూసి వెయ్యడమే, చెప్పినట్టు వెయ్యడమే. దీనివల్ల ఆ పిల్లల సృజన చచ్చిపోయిందని ఎవరూ అనలేదు. పైగా రెండు నెలలకు ఆ పిల్ల పుస్తకంలో లేని మెలిక ఒకటి వేసి, పక్కింటివాళ్లు ‘ఎక్కడ నేర్చావే’ అంటే నవ్వుతుంది. కట్టుబాటు లోపలే కొత్తదనం పుట్టింది. చుక్కలు లేకపోతే ఆ మెలికా లేదు.

స్వేచ్ఛావాది: ముగ్గును తీసుకురావడం బాగుంది గానీ, అది ఎవరి వైపు సాక్ష్యం చెబుతుందో చూడాలి. ముగ్గుకు పిరియడు లేదు, గంట లేదు, ప్రగతి పత్రం లేదు. తప్పు పోతే అరచేత్తో తుడిచి మళ్లీ పెడతారు. ఎంత బాగా వచ్చినా మర్నాడు పొద్దున చీపురు తగిలి పోతుంది, కాబట్టి భయమూ లేదు. నేర్పే మనిషి పక్కనే వంగి తన ముగ్గు తను పెట్టుకుంటుంది, పిల్ల తలమీద నిలబడి దిద్దదు. బడిలో ఇందులో ఒక్కటైనా ఉందా? అదీ గాక ముగ్గు అల్లిక, బొమ్మ చెప్పుకోలు. ముగ్గు ఆ పిల్లను ‘నిన్న ఏం చూశావు’ అని అడగదు. 169 చుక్కల ముగ్గు కళ్లు మూసుకుని పెట్టగల పిల్ల, సంతలో తప్పిపోయి ఏడ్చిన తమ్ముణ్ని ఎలా వేస్తుంది? ఆ బొమ్మకు చుక్కలెవరు పెడతారు?

శిక్షణవాది: చుక్కలు అక్కర్లేదు. చూడ్డం నేర్పాలి.

స్వేచ్ఛావాది: అక్కడికే వద్దాం. 1972లో ఫ్రీమన్, జానికౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల ముందు ఒక కప్పు పెట్టారు. పిడి వెనక్కి తిరిగి ఉంది, కనబడదు. ముందు వైపు ఒక పువ్వు ఉంది, అది కనబడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఎక్కువగా కనబడని పిడిని వేశారు, కనబడే పువ్వును వదిలేశారు. ఎనిమిది దాటినవాళ్లు పువ్వు వేసి పిడి వదిలేశారు. కాఫీ కప్పుతో ఈ పరీక్ష ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు. పిడి వేసిన పిల్లవాడికి చూపు లేకనా? కాదు. కప్పు అంటే ఏమిటో చెబుతున్నాడు, ఈ చోట కూర్చుంటే ఎలా కనబడుతుందో చెప్పడం లేదు. ఫ్రెంచి పండితుడు లుకే ఈ సంగతిని అంతకు చాలా ముందే రాశాడు: పసివాళ్లు చూసింది వెయ్యరు, తెలిసింది వేస్తారు. ఇంటి గోడ తీసేసినట్టుగా లోపలి మంచం, పొయ్యి, అమ్మ అన్నీ కనబడేలా వేస్తారు. చెరువును పైనుంచి వేసి, చేపల్ని పక్కనుంచి వేస్తారు. పెద్దల కళలోనూ ఇది తప్పుకాదు. లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు మనుషుల్ని దూరాన్ని బట్టి చిన్న చెయ్యలేదు, చేర్యాల పటం మీద కథ చెప్పేవాళ్లూ చెయ్యలేదు. అలాంటప్పుడు రెండో తరగతి పిల్లవాడి కప్పు పిడిని రబ్బరుతో చెరిపించే టీచరు ఏం నేర్పుతున్నట్టు? తన చూపే చూపు అని నేర్పుతున్నట్టు.

శిక్షణవాది: పిడి చెరిపించే టీచరును వెనకేసుకురావలసిన పని శిక్షణవాదానికి లేదు. కానీ ఆ కప్పు కథ అక్కడ ముగియలేదు. 1983లో ఆలిసన్ డేవిస్ ఆ పరీక్షనే కొద్దిగా మార్చింది. రెండు కప్పులు పక్కపక్కన పెట్టింది, ఒకదాని పిడి కనబడేలా, ఇంకోదానిది కనబడకుండా. అంతే, ఒక్క కప్పు పెట్టినప్పుడు పిడి వేసిన వయసు పిల్లల్లోనే చాలామంది రెండో కప్పుకు పిడి మానేశారు. ఎవరూ దిద్దలేదు, తప్పనలేదు. తేడా కళ్ల ముందు పెట్టేసరికి ఆ తేడాను చెప్పాలనిపించింది. నేర్పడం అంటే ఇదీ. ఏ వస్తువు పక్కన ఏ వస్తువు పెట్టాలి, ఏ ప్రశ్న అడగాలి, ఎప్పుడు కాగితం పెద్దది ఇవ్వాలి, ఎప్పుడు బొగ్గు ముక్క ఇవ్వాలి. వేపాకు, కానుగాకు, రావాకు మూడూ పక్కపక్కన పెడితే ‘ఆకు’ అన్న అచ్చుబొమ్మ దానంతటదే కూలిపోతుంది. మూడిటికీ ఒకే ఆకారం వెయ్యలేరు కదా. దారి విడిచి పక్కన నిలబడ్డ టీచరుకు ఈ ఉపాయం దొరకదు.

స్వేచ్ఛావాది: నేర్పడం అంటే అదే అయితే ఇక తగవు లేదు. బడిలో నడుస్తున్నది అది కాదు కాబట్టే ఉంది. అచ్చు బొమ్మకు గీత దాటకుండా రంగు నింపడం, బల్ల మీది బొమ్మ దించడం, స్కేలుతో గళ్లు గీసి కొలతకు వెయ్యడం, నడుస్తున్నవి ఇవి. వీటి పుట్టుక చూస్తే ఆశ్చర్యం ఉండదు. 1870లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పదివేలు దాటిన పట్టణాల్లో డ్రాయింగ్ నేర్పి తీరాలని చట్టం చేసింది, ఫ్యాక్టరీలకు నమూనాలు గీసే పనివాళ్లు కావాలని. ఇక్కడ 1850లో మద్రాసులో కళల పాఠశాల మొదలైందీ చేతివృత్తుల మెరుగు కోసమే. తెలుగునాట డ్రాయింగ్ అంటే లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు పరీక్షలు, ఆపైన వేసవిలో 42 రోజుల టీచరు శిక్షణ. కుట్టుపని, చేనేత పరీక్షలు కూడా దాని పక్కనే. ఆ వరసలో తప్పేమీ లేదు, అది ఉపాధి దారి. కానీ ఆ దారి వేసింది పదహారేళ్లవాళ్ల కోసం, ఏడేళ్ల పిల్లల కోసం కాదు. డ్రాయింగ్ మీద పాఠ్యగ్రంథమే రాసిన జాన్ రస్కిన్ సైతం పన్నెండు, పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని వాళ్లంతట వాళ్లు వేసుకునేదానికి మించి కళాభ్యాసంలో దించవద్దన్నాడు, అదీ 1857లో.

శిక్షణవాది: రస్కిన్ ఇంట్లో బొమ్మలు, పుస్తకాలు, ప్రయాణాలు పుష్కలం. ఆయనకు ఆ మాట అనడం తేలిక. స్వేచ్ఛావాదం పెద్దగా పట్టించుకోని చోటు ఇదే. ఇంట్లో రంగుల పెట్టె, బొమ్మల పుస్తకాలు, ఆదివారం క్లాసు, మ్యూజియం చూపించే తండ్రి ఉన్న పిల్లను బడిలో స్వేచ్ఛగా వదిలితే ఆమెకు పోయేదేమీ లేదు, నేర్చుకునేది ఇంట్లో నేర్చుకుంటుంది. కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లకు బడే మొదటి రంగుల పెట్టె, బడే ఆఖరిది. ఆమెను ‘నీ ఇష్టం’ అని వదిలితే చేతిలో ఉన్నదానితోనే మిగిలిపోతుంది. ఏ రెండు రంగులు కలిపితే ఆకుపచ్చ వస్తుందో, కుంచెకు నీళ్లెన్ని కావాలో, మనిషి మోచెయ్యి ఎక్కడ వంగుతుందో చెప్పకుండా దాచిపెట్టి దాన్ని గౌరవం అనడం తగదు. అసలు వృత్తి కుటుంబాల్లో ఎవరూ ఇలా దాచరు. కొండపల్లిలో పొణికి కర్ర చెక్కే ఇంట, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంట పెద్దల పని చూస్తూ, అందిస్తూ, చెప్పించుకుంటూనే చెయ్యి తిరిగింది. ఇంకో చేదు నిజం. ‘స్వేచ్ఛగా వెయ్యండి’ అన్న పిరియడు చాలా బడుల్లో టీచరు నోటు పుస్తకాలు దిద్దుకునే పిరియడు. సిద్ధాంతం సోమరితనానికి గొడుగు పట్టింది.

(ఈ చోట శిక్షణవాది పక్షం బరువు పెరిగింది. స్వేచ్ఛను సిద్ధాంతంగా నిలబెట్టడం సులువు, పేదపిల్ల కాగితం ముందు నిలబెట్టడం కష్టం. అవతలి పక్షం జవాబు సిద్ధాంతం నుంచి కాక పనిచేసి చూసినవాళ్ల దగ్గర నుంచి రావలసి వచ్చింది.)

స్వేచ్ఛావాది: ఆ దెబ్బ తగిలింది, దాచడం లేదు. వదిలెయ్యడం స్వేచ్ఛ కాదు. అయితే వదిలెయ్యకుండా, చెయ్యి పట్టకుండా నడిపినవాళ్లున్నారు. ఇంగ్లండులో మారియన్ రిచర్డ్‌సన్ డడ్లీ బాలికల బడిలో పిల్లల్ని కళ్లు మూసుకోమని ఒక దృశ్యాన్ని మాటలతో చెప్పేది. వీధి, వెలుతురు, రంగులు. ఆ తర్వాత కళ్లు తెరిచి వెయ్యమనేది. నమూనా లేదు, బల్ల మీద బొమ్మ లేదు. కానీ పిల్లల తలలో ఖాళీ కూడా లేదు. శాంతినికేతన్‌లో చదివిన దేవీ ప్రసాద్ 1944 నుంచి సేవాగ్రామ్‌లో గ్రామీణ పిల్లలతో పనిచేశాడు. అక్కడ కళ ఒక విడి పిరియడు కాదు, పని ద్వారా చదువు అన్న గాంధీ పద్ధతి నయీ తాలీంలో వడకడం, తోటపని, పండగ ఏర్పాటు, అన్నిటిలో కలిసిన పని. ఇటలీలో రెజ్జో ఎమీలియా పట్టణపు పసిపిల్లల బడుల్లో ప్రతి బడికీ ఒక కార్యశాల, అందులో కళలు తెలిసిన ఒక పెద్ద మనిషి ఉంటారు. పిల్లలు వేసిన బొమ్మనే కొన్నాళ్ల తర్వాత వాళ్ల ముందు పెట్టి, ఇప్పుడు మళ్లీ వెయ్యమంటారు. వీళ్లెవరూ బొమ్మ మీద చెయ్యి వెయ్యలేదు, పిల్లల్నీ వదిలెయ్యలేదు. ఇందులో మన ప్రాథమిక బడికి పనికొచ్చేది ఒకటుంది. మన బడి టీచరుకు బొమ్మ వెయ్యడం రాదు. తెలుగు, లెక్కలు, పరిసరాలు, ఇంగ్లీషు అన్నీ ఆమే చెప్పాలి. ఆమెను షేడింగ్ నేర్పమంటే మామిడికాయ దగ్గరే ఆగిపోతుంది. అదే ‘మొన్న సంతలో వాన కొట్టినప్పుడు పట్టాల కిందికి ఎవరెవరు దూరారు, మిరపకాయల కుప్పను ఎవరు కప్పారు, నీళ్లు ఎటు పారాయి’ అని చెప్పడం, అడగడం ఏ టీచరుకైనా వస్తుంది. తెలుగు పంతుళ్లకు కథ చెప్పడం కొత్తా?

శిక్షణవాది: మంచి దారే. కథతో మూడో తరగతి దాకా గాడి తప్పకుండా వెళ్లవచ్చు. అయినా ఆ టీచరుకు బొమ్మ ఎందుకు రాదు? ఆమె కూడా ఒకప్పుడు ‘నాకు రావు’ అని కాగితం తిప్పేసిన ఐదో తరగతి పిల్లే. ఆ రోజు ఎవరైనా నాలుగు మెళకువలు చెప్పి ఉంటే ఈ రోజు నలభై మంది ముందు సుద్దముక్క పట్టుకుని భయపడేది కాదు. కథ చెప్పే ఉపాయం ఆ భయాన్ని దాటేస్తుంది, తీర్చదు. తర్వాతి తరం టీచర్లూ అలాగే తయారవుతారు.

స్వేచ్ఛావాది: మెళకువలు చెప్పే వయసు ఏది? పసితనంలో గీతకు ఒక బలం ఉంటుంది, బడి వయసు మధ్యలో అది పడిపోతుంది, కళాకారులయ్యే కొద్దిమందిలో మళ్లీ లేస్తుంది అని హార్వర్డ్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన గార్డ్‌నర్ తదితరులు వాదించారు. పడిపోయేది సరిగ్గా బడి కట్టుబాట్లు బిగిసే ఏళ్లలోనే.

శిక్షణవాది: పడిపోయిందని ఎవరి కన్ను చెప్పింది? 1997లో పరిజర్, వాన్ డెన్ బర్గ్ కెనడాలో అలాంటి బొమ్మలనే చైనా మూలాలున్న న్యాయనిర్ణేతలకు చూపిస్తే, వాళ్లు పసివాళ్ల బొమ్మల్ని అంత పైకెత్తలేదు. వయసుతో పాటు వచ్చిన నేర్పుకే ఎక్కువ విలువ ఇచ్చారు. పసిగీతలో అద్భుతం చూసేది పికాసో తర్వాతి పాశ్చాత్య కన్ను. గార్డ్‌నరే 1980ల్లో చైనా వెళ్లి, ఐదారేళ్ల పిల్లలు కుంచెతో చకచకా సిరా బొమ్మలు వెయ్యడం చూసి, నేర్పు ముందా సృజన ముందా అన్న ప్రశ్నతో ఒక పుస్తకమే రాశాడు. మనకు అందిన జ్ఞానం ఇంతే: క్రమం ఒక్కటే కాదు. కాబట్టి ఒకటీ రెండూ తరగతుల్లో చెయ్యి వెయ్యకుండా, మూడులో చూడ్డం నేర్పుతూ, నాలుగూ ఐదుల్లో అడిగిన పిల్లలకు మెళకువలు దాచకుండా చెప్పడం న్యాయమైన ఏర్పాటు.

స్వేచ్ఛావాది: కాగితం మీద న్యాయమైనదే. ఒకే గదిలో ఐదు తరగతులూ కూర్చునే బడిలో నాలుగో తరగతికి బల్ల మీద వేసింది ఒకటో తరగతి చూడకుండా కళ్లకు గంతలు కట్టలేం. ‘అడిగిన పిల్లలకు’ అన్న మాట మాత్రం పట్టుకోదగ్గది. అడిగితే చెప్పాలి. అడగని పిల్ల కాగితం జోలికి పోకూడదు. చెప్పేటప్పుడు కూడా టీచరు వేరే కాగితం మీద వేసి చూపాలి గానీ పిల్ల బొమ్మ మీద పెన్సిలు పెట్టకూడదు.

శిక్షణవాది: వేరే కాగితం అన్న షరతుకు అభ్యంతరం లేదు. మంచి డ్రాయింగ్ మాస్టార్లు పాటించేదే. అయితే అడగడం కూడా కొంత నేర్పితేనే వస్తుంది. ఏది అడగవచ్చో తెలియని పిల్ల అడగదు. ఆ తేడా ఇక్కడ తీరేది కాదు.

స్వేచ్ఛావాది: మరి గ్రేడు? బొమ్మకు గ్రేడు పెట్టిన క్షణం పిల్లలు టీచరుకు నచ్చే సీనరీ వేస్తారు.

శిక్షణవాది: గ్రేడు తీసేసిన క్షణం టైంటేబులులోంచి ఆ పిరియడే పోతుంది. ప్రగతి పత్రంలో గడి లేని పనికి బడిలో గంట దొరకదు.

స్వేచ్ఛావాది: పిరియడు నిలబెట్టుకోవడానికి బొమ్మలు వేస్తే లెక్కలు బాగా వస్తాయని చెప్పుకోవడం కూడా అలవాటైంది.

శిక్షణవాది: ఆ మాట ఇద్దరం మానుకోవాలి. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ 2000లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కుప్పవేసి చూశారు. నాటకం వల్ల మాటా చదువూ మెరుగవుతాయనడానికి ఆధారం దొరికింది. బొమ్మల వల్ల చదువులో మార్కులు పెరుగుతాయనడానికి నిలబడే ఆధారం దొరకలేదు. 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేలోపు చదవడం, లెక్క చెయ్యడం రావాలని 2026–27ను గడువుగా పెట్టింది. ఆ ఒత్తిడిలో ఉన్న టీచరుకు బొమ్మ కూడా లెక్కల మందే అని అమ్మితే, మందు పనిచెయ్యలేదని తేలిన రోజు సీసా బయట పారేస్తుంది. బొమ్మ బొమ్మ కోసమే ఉండాలి.

స్వేచ్ఛావాది: ఆ ఒక్కదానిలో రెండో మాట లేదు. పాఠ్యపుస్తకమూ వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడో తరగతికి ‘బాన్సురి’ పేరుతో కళల పుస్తకం వేసింది, బొమ్మలు, పాట, ఆట, నాటకం కలిపి. ఇక మిగిలింది దాన్ని తెరిచే మనిషి. శిక్షణవాదం గెలిచినా స్వేచ్ఛావాదం గెలిచినా ఆ గదిలో ఒకరు నిలబడాలి కదా?

శిక్షణవాది: ఆ ఒకరి సంగతి 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, పిల్లలు వంద దాటితే, కళావిద్యకు ఒక పార్ట్‌టైం బోధకుడు. ఒకటి నుంచి ఐదు తరగతులకు 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, 200 దాకా ఐదుగురు. కళకు వేరే మనిషి ఆ వరుసలో లేడు.